పాటల ఆల్బం వేరు, ఆర్‌ఆర్ ఆల్బం వేరు

సంపాదకులకు నమస్కారం.

సూపర్‌హీరో సినిమా విడుదలైన మర్నాడు మీ సినిమా పేజీలో కథ, నటన, గ్రాఫిక్స్ అన్నీ అయ్యాక సంగీతానికి ఒక్క వాక్యం మిగులుతోంది. "నేపథ్య సంగీతం బాగుంది" అని రాసి, పక్కన ఒకే పేరు వేస్తున్నారు. ఆ పేరు పాటలు కట్టినవారిదా, ఆర్‌ఆర్ (రీ-రికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) చేసినవారిదా, రెండూ ఒకరే చేశారా అన్నది అందులో తెలియదు. బయటికి వచ్చిన ఆల్బంలో సినిమాలో విన్న సంగీతం ఉందో లేదో కూడా తెలియదు. పాటల ఆల్బం, ఆర్‌ఆర్ ఆల్బం రెండు వేర్వేరు వస్తువులు. మీ పేజీ వాటిని వేర్వేరుగా రాయాలని అడగడానికే ఈ ఉత్తరం.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళ పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుతారు, సినిమా తెలుగులోనో హిందీలోనో చూస్తారు. దాంతో ఒకే సినిమా పాట రెండు మూడు పేర్లతో ఫోన్లలో తిరుగుతుంది. బడి వార్షికోత్సవానికి, వినాయక చవితి పందిరికి, ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) వేషాలకు, పెళ్ళి ఊరేగింపుకి ఇప్పుడు సూపర్‌హీరో సినిమా సంగీతమే కావాలంటున్నారు. ముసుగు కట్టుకున్న పిల్లవాడు వేదిక మీదికి దూకడానికి కావలసింది ఆర్‌ఆర్. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేది పాట. రెండింటికీ సినిమా పేరు ఒకటే, అట్ట మీద బొమ్మ కూడా దాదాపు ఒకటే. అందుకే పొరపాటు అడుగడుగునా జరుగుతోంది.

ఈ రెండు ఆల్బంల పద్ధతి కొత్తది కాదు. 1989లో వచ్చిన బ్యాట్‌మన్‌కు ఆ ఏడాది జూన్‌లో గాయకుడు ప్రిన్స్ పాటల ఆల్బం వచ్చింది, ఆగస్టులో సంగీతకర్త డానీ ఎల్ఫ్‌మన్ ఆర్కెస్ట్రా సంగీతం విడిగా వచ్చింది. రెండూ ఒకే సినిమావి, ఒకదానికొకటి పోలికే లేదు. గబ్బిలం ముసుగు వేసుకుని చీకట్లోంచి వచ్చే ఘట్టానికి ఎల్ఫ్‌మన్ ఆల్బం తియ్యాలి. డాన్సు కావాలంటే ప్రిన్స్ ఆల్బం. అట్ట మీద "స్కోర్" అన్న మాట ఉంటే అది ఆర్‌ఆర్. "సినిమా నుంచి, సినిమా స్ఫూర్తితో" అని రాసి ఉంటే అది పాటల ఆల్బం, అందులో కొన్ని పాటలు సినిమాలో అసలు వినిపించవు. ఒక్క "సౌండ్‌ట్రాక్" అని మాత్రమే ఉంటే ట్రాకుల పేర్లు చూసుకోవాలి. ప్రతి ట్రాకుకీ గాయకుల పేర్లుంటే పాటలు. అన్నిటికీ ఒకే సంగీతకర్త పేరుండి, ఒకటిన్నర నిమిషం నుంచి ఏడెనిమిది నిమిషాల దాకా రకరకాల నిడివి ఉంటే ఆర్‌ఆర్.

మూడో రకం కూడా ఒకటుంది. గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ (2014) పాటల ఆల్బంలో కొత్తగా కట్టిన పాట ఒక్కటీ లేదు, అన్నీ ఎప్పటివో పాత పాటలే. ఆ సినిమా ఆర్‌ఆర్ టైలర్ బేట్స్‌ది, అది వేరే ఆల్బం.

బ్లాక్ పాంథర్ (2018) గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మన ప్రాంతపు వాద్యకారులకు ఇందులో నేర్చుకోదగ్గది చాలా ఉంది. ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ ముందుండి చేయించిన 14 పాటల ఆల్బం 2018 ఫిబ్రవరి 9న వచ్చింది. వారం తర్వాత సంగీతకర్త లుడ్విగ్ యోరాన్సన్ ఆర్‌ఆర్ ఆల్బం వచ్చింది. 2019లో ఆస్కార్ వచ్చింది రెండోదానికి. తెలుగు పత్రికల్లో చాలా చోట్ల దాన్ని "ఆఫ్రికా డప్పులతో చేసిన సంగీతం" అని తేల్చేశారు. అది డప్పు కాదు. యోరాన్సన్ సెనెగల్ వెళ్ళి, గాయకుడు బాబా మాల్ వెంట తిరిగి, అక్కడి వాద్యకారుల దగ్గర రికార్డు చేసుకున్నారు. కథానాయకుడికి ఆయన వాడినది తమా అనే వాద్యం. దాన్ని వాయించినవారు మసాంబా డియోప్. తమా మన బుడబుక్కలవాళ్ళ వాద్యంలా నడుము సన్నగా ఉంటుంది, రెండు వైపులా తోలు, ఆ రెండు తోళ్ళనీ కలుపుతూ చుట్టూ తాళ్ళు. దాన్ని చంకలో పెట్టుకుని మోచేత్తో తాళ్ళను నొక్కితే తోలు బిగుసుకుని స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. జముకులకథ విన్నవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. జముకులో తోలు మధ్యనుంచి వచ్చే నరాన్ని బిగించి వదిలినప్పుడు స్వరం సాగినట్టే ఇక్కడా సాగుతుంది. కథానాయకుడి పేరులోని అక్షరాలను ఆ వాద్యం పలికేటట్టు దెబ్బలు కుదిర్చారు. ప్రతినాయకుడికి ఫులా జాతివారి పిల్లనగ్రోవి వాడి, దాని కింద ఇప్పటి ర్యాప్ పాటల్లో వినిపించే లోతైన ఎలక్ట్రానిక్ డ్రమ్ము పెట్టారు.

ఇలాంటి నాలుగు వాక్యాలు సమీక్షలో ఉంటే కోరాపుట్ వైపు థింసా అనే గిరిజన నృత్యానికి వాయించేవారికి అవి ఎంతో పనికొస్తాయి. మోరి, కిరిడి, తుడుము, జోడుకొమ్ములు వాయించే చేతులకు ఆ ఆర్‌ఆర్‌లో ఏ పొర తమ వాద్యంతో పలుకుతుందో తెలుస్తుంది. తెలియనప్పుడు ఏం చేస్తున్నారంటే, పాటల ఆల్బంలోని ర్యాప్ పాట పెట్టి దానిమీద తుడుము కొడుతున్నారు. ఆ పాటలో కింది స్థాయిని ఎలక్ట్రానిక్ డ్రమ్మే నింపేసి ఉంటుంది. తుడుముదీ అదే స్థాయి కాబట్టి రెండూ కలిసి బురదలా వినిపిస్తాయి. ఆర్‌ఆర్ ఆల్బంలో తమా ఒంటరిగా, చుట్టూ ఖాళీతో వినిపించే చోట్లు ఉన్నాయి. మన వాద్యం కలపవలసింది అక్కడ.

తెలుగులో పని జరిగే వరస వేరు. పాటలు ముందు వస్తాయి, సినిమాకు వారాల ముందే ఒక్కొక్కటిగా విడుదలవుతాయి. ఎడిటింగ్ ముగిశాకే ఆర్‌ఆర్‌కు కూర్చుంటారు కాబట్టి అది విడుదల తేదీ దాకా నడుస్తూనే ఉంటుంది. అందువల్ల ఆర్‌ఆర్ ఆల్బం సినిమా వచ్చిన కొన్ని వారాలకు వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. మీ సమీక్ష విడుదలైన మర్నాడే వస్తుంది కాబట్టి అప్పటికి బజారులో ఉన్నది పాటలే, చర్చంతా వాటి మీదే సాగుతుంది. తర్వాత ఆర్‌ఆర్ వచ్చినప్పుడు రెండో వార్త ఉండదు. హనుమాన్ (2024 జనవరి 12)నే తీసుకోండి. సంగీతానికి గౌరహరి, అనుదీప్ దేవ్, కృష్ణ సౌరభ్ అని మూడు పేర్లున్నాయి. ఒక పేరు మాత్రమే వేసి సరిపెడితే మిగిలిన ఇద్దరికీ అన్యాయం, పాట వెతుక్కునేవారికి తిప్పలు. జోకర్ (2019)లో వరస పూర్తిగా తిరగబడింది. హిల్దుర్ గువ్నాదోత్తిర్ స్క్రిప్టు చదివి, షూటింగ్‌కు ముందే చెల్లో మీద సంగీతం కట్టారు. ఆ సంగీతం వింటూ నటుడు నటించారు. 2020లో ఆమెకు ఆస్కార్ వచ్చింది.

డబ్బింగ్ సినిమాల గురించి మీ పాఠకులకు ఒక అనుమానం తరచూ వస్తుంది: తెలుగు డబ్బింగ్‌లో ఆర్‌ఆర్ వేరేదా? కాదు. మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాకును నిర్మాతలు విడిగా ఉంచుతారు. దానిమీద తెలుగు మాటలు ఎక్కిస్తారు. కాబట్టి రాయగడలో హిందీలో చూసినా, పాతపట్నంలో తెలుగులో చూసినా ఆర్‌ఆర్ ఒక్కటే, ఆల్బం కూడా ఒక్కటే. మారేది పాటలు. పేరు చివర "తెలుగు" అని ఉన్న ఆర్‌ఆర్ ఫైలు కోసం వెతకడం వృథా.

ఆర్‌ఆర్ ఆల్బంలో ట్రాకుల వరస సినిమాలోని వరసే అని కూడా అనుకోకూడదు. వినడానికి బాగుండాలని వరస మారుస్తారు, రెండు మూడు చిన్న ముక్కలు కలిపి ఒక ట్రాకు చేస్తారు. 1978 సూపర్‌మ్యాన్‌కు జాన్ విలియమ్స్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన సంగీతం అప్పట్లో రెండు ఎల్‌పీలుగా (గ్రామఫోన్ రికార్డులుగా) వచ్చింది. వాటిలో లేని భాగాలు కలిపి మరింత నిండుగా 2000లో రెండు సీడీల్లో వచ్చింది. కాబట్టి సినిమాలో విన్న ఒక ముక్క ఆల్బంలో దొరకకపోతే తర్వాత వచ్చిన పూర్తి ఆల్బం ఉందేమో చూడాలి. సినిమా వీడియో నుంచి తీసుకుంటే మాటలూ, పేలుళ్ళూ కలిసి వస్తాయి, వాటిని విడదీసే యాప్‌లు సన్నాయిని, గొంతును ఒకేలా కోసేస్తాయి.

ఇక పందిట్లో జరిగే నష్టం. మీ పత్రిక దీన్ని ఎప్పుడూ రాయలేదు, కాబట్టి వివరంగా రాస్తున్నాం.

పాటను మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకే గట్టిదనంతో తయారుచేస్తారు. ఆర్‌ఆర్ అలా ఉండదు. గుసగుసలా మొదలై, నిమిషం తర్వాత ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారి విరుచుకుపడుతుంది. మొదట్లో ఏమీ వినపడటం లేదని సౌండ్ అబ్బాయి ఫేడరు (మిక్సరులో శబ్దం పెంచి తగ్గించే మీట) పైకి తోస్తాడు. విరుచుకుపడే చోటికి వచ్చేసరికి ఆంప్లిఫయరు పీక్ లైటు ఎర్రగా నిలిచిపోతుంది, టాప్ బాక్సులో డయాఫ్రం కాలుతుంది. అందుకని ట్రాకులో అన్నిటికన్నా గట్టిగా ఉన్న చోటు ముందు వెతికి, అది వేస్తూ ఫేడరు పెట్టుకోవాలి. మెత్తటి చోట్లను ముందే కంప్యూటర్‌లో పైకి తేవాలి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే శబ్దం సవరించే ప్రోగ్రాం చాలు. గట్టి చోట్లకూ మెత్తటి చోట్లకూ తేడా తగ్గించే కంప్రెసర్‌లో త్రెషోల్డ్ మైనస్ 20 డీబీ, రేషియో 3కి 1 పెట్టి, తర్వాత నార్మలైజ్ మైనస్ 1 డీబీ చెయ్యాలి. రేషియో 6కి 1 దాటితే ఆర్కెస్ట్రా ఊపిరి ఆడనట్టు వినిపిస్తుంది, వేదిక మీద వేషం వచ్చినప్పుడు కలగవలసిన ఉలికిపాటు పోతుంది.

రెండోది కింది స్థాయి. ది డార్క్ నైట్ (2008) ఆర్‌ఆర్‌ను హాన్స్ జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హోవర్డ్ కలిసి చేశారు. అందులో జోకర్ కోసం కట్టిన తొమ్మిది నిమిషాల ట్రాకులో మూడున్నర నిమిషాల ప్రాంతంలో వచ్చే బేస్ చాలా లోతుది. చెవికి వినపడేదానికన్నా ఛాతీకి తగిలేదే ఎక్కువ. 18 అంగుళాల బేస్ బాక్సులు చాలావరకు 40 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి. అంతకన్నా కిందిది పంపితే శబ్దం రాదు గానీ కోను మాత్రం ముందుకూ వెనక్కూ విపరీతంగా కొట్టుకుంటుంది, కాయిల్ పక్కకు తప్పుతుంది. అందుకని 40 కింద కోసెయ్యాలి. ఊరి హారన్లకైతే మరీ జాగ్రత్త, అవి సుమారు 300 హెర్ట్జ్ కింద ఏమీ పలకవు. హారన్లతో జరిగే కార్యక్రమానికి ఆ ట్రాకు ఎంచుకోకపోవడమే మంచిది, ట్రంపెట్లు, వయొలిన్లు ముందుండే ట్రాకు తియ్యాలి.

మూడోది ఒంటి తీగ. ఫోను నుంచి మిక్సరుకు ఆక్స్ వైరు పెట్టి ఒక పిన్ను మాత్రమే గుచ్చుతారు, అంటే ఎడమ వైపు మాత్రమే పోతుంది. పాటల్లో గొంతు మధ్యలో ఉంటుంది కాబట్టి పెద్ద తేడా తెలియదు. ఆర్కెస్ట్రా రికార్డింగుల్లో చాలావాటిలో వయొలిన్లు ఎడమ, చెల్లోలు, డబుల్ బేస్‌లు కుడివైపు ఉంటాయి. ఎడమ ఒక్కటే పంపితే సంగీతానికి పునాది పోతుంది. ఇంటి దగ్గరే ఫైలును మోనోగా (కుడి ఎడమలు ఒకటిగా కలిపి) మార్చుకుని తెచ్చుకోవాలి. మార్చాక ఒకసారి పూర్తిగా వినాలి. కొన్ని ఎలక్ట్రానిక్ శబ్దాలు కుడి ఎడమల్లో ఎదురెదురుగా ఉండి, కలిపినప్పుడు ఒకదాన్నొకటి మింగేస్తాయి. అలా జరిగితే ఎడమ కుడి రెండింటిలో నిండుగా ఉన్నదాన్ని ఎంచుకుని దాన్నే మోనో చెయ్యాలి.

ఆర్‌ఆర్ ముక్కకు పాట అతికించేటప్పుడు శ్రుతి చూడాలి. ఆర్‌ఆర్ ఒకటి శ్రుతిలో ముగిసి పాట ఒకటిన్నర శ్రుతిలో ఎత్తుకుంటే అతుకు దగ్గర అపస్వరం వినిపిస్తుంది. పాటను ఒక అర మెట్టు దించవచ్చు. రెండు అర మెట్లు దాటి పైకి లేపితే గొంతు చిన్నపిల్లల గొంతవుతుంది, దించితే మొద్దుబారుతుంది. అంత తేడా ఉంటే కలపకుండా మధ్యలో రెండు సెకన్లు నిశ్శబ్దం ఉంచి, ఒక తాళం దెబ్బతో పాట మొదలుపెట్టడం మేలు. కోత ఎప్పుడూ దెబ్బ పడే ముందు ఉండాలి. దెబ్బ తర్వాత కోస్తే దాని మోత తెగి, వైరు ఊడినట్టు వినిపిస్తుంది. నాలుగు నిమిషాల బడి నృత్యానికి ప్రవేశంలో 40 సెకన్ల ఆర్‌ఆర్ చాలు, అంతకు మించితే చిన్నపిల్లలు నిలబడిపోతారు. ఫైలును వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపాలి. వేసే ఫోను విమానం మోడ్‌లో ఉండాలి.

బ్యాండు మేళాలు సూపర్‌మ్యాన్ మార్చ్‌ను వాయించబోతే తప్పు రెండు చోట్ల జరుగుతుంది. ఆ మార్చ్‌లో ముఖ్యమైనది షడ్జం నుంచి పంచమానికి ఎగిరే ఎగురు. దాని నడక తిశ్రం, అంటే నాలుగు మాత్రల్లో ఒక్కోదానికి మూడేసి అక్షరాలు. సైడ్ డ్రమ్ము అలవాటుకొద్దీ చతురశ్రం కొడితే మార్చ్ కాస్తా పెళ్ళి నడక అయిపోతుంది. ముందు డ్రమ్ము ఒక్కటే "తకిట తకిట" అని పది నిమిషాలు సాధన చెయ్యాలి, తర్వాతే ట్రంపెట్ కలపాలి. రెండోది శ్రుతి. అసలు సంగీతం సీ మేజర్‌లో ఉంది. బీ ఫ్లాట్ ట్రంపెట్, క్లారినెట్ డీలో వాయించాలి, ఆల్టో సాక్సొఫోన్ ఏలో వాయించాలి. ఊరేగింపులో అరగంట నడిచాక ట్రంపెట్ పెదవి అలిసిపోయి పై స్వరాలు పగులుతాయి. మొత్తం ఒక మెట్టు దించేస్తే ట్రంపెట్, క్లారినెట్ సీలో, ఆల్టో జీలో పడతాయి, వేళ్ళకూ పెదవికీ సుఖం. ఇద్దరు ట్రంపెట్ వాళ్ళుంటే ఒకరు ఎగురు, ఒకరు సాగదీసిన స్వరాలు పంచుకోవాలి.

హక్కుల మాట కూడా పాఠకులు అడుగుతున్నారు. 1957 కాపీరైటు చట్టం సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) ప్రకారం నిజమైన మతకార్యంలో, ప్రభుత్వ ఉత్సవంలో పాట వాయించడం ఉల్లంఘన కాదు. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన వేడుకలు అందులోకే వస్తాయని చట్టమే వివరణ ఇచ్చింది. బడిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు జరిగే ప్రదర్శనకు 52(1)(జె) ఉంది. టిక్కెట్టు పెట్టిన కార్యక్రమానికి ఈ మినహాయింపు వర్తిస్తుందనుకోకూడదు, అనుమతి తీసుకోవాలి. కార్యక్రమం వీడియోను యూట్యూబ్‌లో పెడితే ఆర్‌ఆర్ ముక్క అయినా యంత్రం పట్టుకుంటుంది. వీడియోలో శబ్దం ఆగిపోవచ్చు, లేదా ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోవచ్చు.

మీ సినిమా పేజీలో సూపర్‌హీరో సినిమా సమీక్ష కింద మూడు చిన్న వాక్యాలకు చోటివ్వండి. పాటలు ఎవరివి, ఆర్‌ఆర్ ఎవరిది. ముఖ్యంగా వినిపించే వాద్యం ఏది, దాన్ని వాయించినవారు ఎవరు. బజారులో ఉన్నది ఏ ఆల్బం, రెండోది ఇంకా రాలేదా. ఆర్‌ఆర్ ఆల్బం తర్వాత వస్తే ఆ వారం ఒక చిన్న వార్త వెయ్యండి, ట్రాకుల పేర్లు తెలుగు లిపిలో ఉంటే మరీ మంచిది. ఇక్కడ ఒడియా చదువుకున్న పిల్లల్లో చాలామంది తెలుగును కూడబలుక్కుని చదువుతారు. ఇంగ్లీషు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తే కొట్టుకు వెళ్ళి అడగడానికి వాళ్ళ నోట పలకదు. వాద్యం పేరు రాసేటప్పుడు మాత్రం "డప్పులు", "ఫ్లూటు" అని వదిలెయ్యకుండా దాని అసలు పేరు రాసి, మన వాద్యాల్లో దానికి దగ్గరది ఏదో చెప్పండి. జముకు, తుడుము, మోరి అన్న మాటలు మీ పేజీలో పడితే వాటిని వాయించేవారు ఆ ముక్క కత్తిరించి ఇంట్లో దాచుకుంటారు.

ఇట్లు,
ఒడిశా సరిహద్దు జిల్లాల్లో బ్యాండు మేళాలకు, బడి కార్యక్రమాలకు సంగీతం కూర్చే కొందరు,
పర్లాకిమిడి, గుణుపురం